అందరికీ కొంచెం కొంచెం తెలుసు

భర్త పక్కన లేని ఆవిడ నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని కూకట్‌పల్లిలోనో మణికొండలోనో టూలెట్ బోర్డు చూసి గేటు తట్టిందనుకోండి. ఓనరు ఏమడుగుతాడో మనందరికీ కంఠతా వచ్చు. ఎంతమంది ఉంటారమ్మా? సార్ ఏం చేస్తారు? మీదే ఊరు? కాసేపయ్యాక, తిన్నగానో తిప్పితిప్పో, మీరేమిట్లు? సార్ సంగతికి హైదరాబాద్‌లో తిరుగులేని జవాబు ఒకటుంది: దుబాయ్‌లో ఉంటారండీ. ఆ మాటకి ఎదురు ప్రశ్న రాదు. నిజంగానే దుబాయ్‌లో ఉన్న సార్లు ప్రతి బస్తీలోనూ ఉన్నారు కాబట్టి. కష్టమంతా మొదటి ప్రశ్నతోనే. నలుగురు పిల్లలనగానే ఓనరు కళ్ళముందు గోడల మీద గీతలు, మెట్ల మీద పరుగులు, ఎండాకాలం ట్యాంకరు ఖర్చు కదులుతాయి. ఇల్లు దక్కాలంటే నలుగురున్న చోట ఒక్కడే అని చెప్పాలి.

'నోబడీ నోస్' (అంటే 'ఎవరికీ తెలియదు') అనే జపాన్ సినిమా సరిగ్గా ఈ అబద్ధంతోనే మొదలవుతుంది. టోక్యోలో ఒక చిన్న ఫ్లాటు. కెయికో అనే తల్లి 12 ఏళ్ళ కొడుకు అకిరాతో ఓనరు దంపతులను పలకరించడానికి వెళ్తుంది. భర్త విదేశంలో ఉద్యోగం చేస్తున్నాడని, ఇంట్లో ఉండేది తామిద్దరమేనని చెబుతుంది. సామాను పైకి చేరాక తలుపు వేసుకుని సూట్‌కేసులు తెరుస్తుంది. ఒకదాంట్లోంచి షిగెరు, ఇంకోదాంట్లోంచి అందరికంటే చిన్నదైన యుకి బయటికొస్తారు. పిల్లలకి అదంతా ఆటలాగే ఉంటుంది. పెద్దమ్మాయి క్యోకోని చీకటి పడ్డాక అకిరా స్టేషనుకి వెళ్ళి తీసుకొస్తాడు. నలుగురూ ఒకే తండ్రి పిల్లలు కారు. ఒక్కరు కూడా స్కూలుకి వెళ్ళరు. అన్నం తిన్నాక తల్లి నియమాలు చెబుతుంది: గట్టిగా అరవకూడదు, బయటికి పోకూడదు, బాల్కనీలోకి కూడా రాకూడదు. వాషింగ్ మెషీన్ అక్కడుంది కాబట్టి క్యోకోకి మాత్రం మినహాయింపు. వీధిలోకి వెళ్ళే హక్కు అకిరా ఒక్కడిదే.

కథ చెప్పేస్తున్నానని కోప్పడకండి, ఈ సినిమాలో సస్పెన్స్ ఏమీ లేదు. ఒక ఉదయం కెయికో కొంత డబ్బు, ఒక చీటీ పెట్టి వెళ్ళిపోతుంది. చిన్నవాళ్ళని చూసుకోమని అకిరాకి అప్పజెబుతుంది. కొన్నాళ్ళకి బహుమతులు పట్టుకుని వస్తుంది, నవ్విస్తుంది, మళ్ళీ వెళ్తుంది. క్రిస్మస్‌కి వస్తానంటుంది. రాదు. శీతాకాలం పోయి వసంతం, అదీ పోయి ఎండలు. గ్యాస్ ఆగిపోతుంది, కరెంటు పోతుంది, నీళ్ళు పోతాయి. పిల్లలు పార్కులో కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటారు, బట్టలుతుక్కుంటారు. తిని పారేసిన కప్ నూడుల్స్ డబ్బాల్లో మట్టి నింపి, వీధిలో ఏరుకొచ్చిన గింజలు నాటి మొక్కలు పెంచుతారు. ఒకరోజు యుకి స్టూలు మీంచి పడిపోతుంది. ఇక లేవదు.

2004లో వచ్చిన ఈ సినిమా దర్శకుడు హిరోకజు కొరేఎడా. 2018లో కాన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ అందుకున్న 'షాప్‌లిఫ్టర్స్' కూడా ఆయనదే. టీవీ డాక్యుమెంటరీల నుంచి వచ్చిన మనిషి కావడంతో, ఏడుపు వచ్చే చోట కెమెరా పక్కకి తిరిగి వేళ్ళనో చెప్పులనో చూస్తుంది. షూటింగ్ దాదాపు ఏడాది పాటు, కథ నడిచిన వరసలోనే జరిగింది. పిల్లల చేతికి స్క్రిప్టు ఇవ్వలేదు. ఏ రోజు సీను ఆ రోజు చెప్పేవారు. అందుకే సినిమాలో అకిరా పొడుగవడం, గొంతు మారడం మేకప్పు కాదు, నిజంగా జరిగినవే. ఆ పాత్ర వేసిన యూయా యాగిరాకి 14 ఏళ్ళకే కాన్స్‌లో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. ఆ అవార్డు అంత చిన్న వయసులో అంతకుముందు ఎవరికీ రాలేదు. నిడివి 141 నిమిషాలు, నడక నిదానం. ల్యాప్‌టాప్‌లో రెండు విడతలుగా చూసినా తప్పేం లేదు.

చూసినవాళ్ళలో చాలామంది దగ్గర మొదట వినిపించే మాట: అంత పెద్ద ఊళ్ళో నలుగురు పిల్లలు నెలల తరబడి అలా ఉంటే ఎవరికీ తెలియకుండా ఎలా ఉంటుంది? సినిమా పేరును నమ్మి అడిగే ప్రశ్న ఇది. సినిమాలో మనుషుల్ని ఒక్కొక్కరినీ పట్టి చూస్తే లెక్క వేరేలా తేలుతుంది.

ఓనరు భార్య అద్దె కోసం పైకి వస్తుంది. తలుపు దగ్గరే నిలబడి, ఉండకూడని పిల్లల్ని చూస్తుంది, వెళ్ళిపోతుంది. ఎదురుగా ఉన్న చిన్న సూపర్‌మార్కెట్ మేనేజరు మొదట్లో అకిరాని దొంగ అనుకుంటాడు. అక్కడ పనిచేసే అమ్మాయి అడ్డుపడి విడిపిస్తుంది. ఇంట్లో సంగతి ఆ అమ్మాయికి కొంత అర్థమవుతుంది కూడా. అదే షాపులో కుర్రాడొకడు తేదీ దాటిన అన్నం ముద్దలు వెనక తలుపు దగ్గర చేతిలో పెడుతుంటాడు. స్కూల్లో ఏడిపిస్తున్నారని క్లాసులకి వెళ్ళడం మానేసిన సాకి అనే అమ్మాయి ఇంట్లోకే వచ్చి కూర్చుంటుంది. గ్రౌండ్ పక్కన నిలబడ్డ అకిరాని బేస్‌బాల్ కోచ్ పిలిచి ఒక పూట ఆడనిస్తాడు. కరెంటు, గ్యాస్, నీళ్ళు ఆపిన ఆఫీసులకి ఆ ఇంటి నుంచి డబ్బు రావడం లేదని తెలుసు. తండ్రుల్లో ఇద్దరి దగ్గరికి అకిరా స్వయంగా వెళ్ళి నిలబడతాడు. ఒకడు టాక్సీ డ్రైవరు, ఇంకొకడు పచింకో జూదశాలలో పనివాడు. కాస్త చిల్లర, కాస్త జోకులు. యుకి మాత్రం తన కూతురు కాదని వాళ్ళలో ఒకడు తేల్చేస్తాడు కూడా.

ఇంతమందికి తెలుసు. ఒక్కొక్కరికీ ఒక ముక్క తెలుసు. తన ముక్క మేరకు దాదాపు ప్రతివాడూ మంచిగానే ఉన్నాడు. ముక్కలన్నీ ఒకచోట పేర్చి చూడటం మాత్రం ఎవరి డ్యూటీ కాదు. వదిలేయడం అంటే తల్లి తలుపు దాటిన క్షణం అని మనం అనుకుంటాం. ఈ సినిమాలో అది నెలల పాటు, అంతమంది మంచివాళ్ళ మధ్య, కొంచెం కొంచెంగా జరుగుతుంది.

దీన్ని దగ్గరగా చూపించే సన్నివేశం ఒకటుంది. జపాన్‌లో కొత్త సంవత్సరానికి పిల్లలకి చిన్న కవర్లలో డబ్బు పెట్టి ఇస్తారు. అమ్మ రాలేదు. తమ్ముడూ చెల్లెళ్ళూ అడుగుతారు. అకిరా ఉన్న డబ్బులోంచే కవర్లు నింపి, వాటి మీద పేర్లు రాసిపెట్టమని షాపులో అమ్మాయిని అడుగుతాడు. అమ్మ పంపిందని ఇంట్లో పంచుతాడు. నిరుడు అమ్మ ఇచ్చిన కవరు క్యోకో దాచుకుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చేతిరాత చూస్తుంది. ఏమీ అనదు. ఆ పేర్లు రాసిచ్చిన అమ్మాయికి ఎంత తెలిసి ఉండాలో ఆలోచించండి. పన్నెండేళ్ళ కుర్రాడు పెద్దవాళ్ళ చేతిరాత కోసం షాపు కౌంటరు దగ్గరికి వచ్చాడంటే ఇంట్లో రాసే పెద్ద చెయ్యి లేదని. ఆమె అడిగినంతా చేసింది. అడగనిది చేయలేదు.

ఇక రెండో చిక్కు. జపాన్‌లో ప్రతిదానికీ కాగితం ఉంటుందంటారు కదా, ప్రభుత్వం కళ్ళు ఎలా కప్పారు? అసలు సంగతి ఆ కాగితంలోనే ఉంది. అక్కడ మనిషి ఉనికికి ఆధారం కుటుంబ రిజిస్టరు. దాన్ని కొసెకి అంటారు. బిడ్డ పుట్టిన 14 రోజుల్లో స్థానిక కార్యాలయంలో తెలియజేస్తే అందులోకి పేరు ఎక్కుతుంది, నివాస రికార్డులోకి వస్తుంది. బడి వయసు రాగానే ఆ రికార్డు చూసుకునే మున్సిపాలిటీ స్కూలు నోటీసు పంపుతుంది. ఈ గొలుసులో మొదటి లింకు పడకపోతే తర్వాతవేవీ పడవు. పేరు లేని పిల్లకి నోటీసు రాదు. హాజరు పట్టీలో లేనివాడు ఏ రోజూ గైర్హాజరు కాడు. స్కూలు ఫోన్ చేయదు, టీచరు ఇంటికి రాదు. రికార్డు ఎంత పకడ్బందీగా ఉంటే, దానికి అందని మనిషి అంత పూర్తిగా మాయమవుతాడు.

మన దగ్గర? 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. 2023లో సవరించాక, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్ళకి స్కూలు అడ్మిషన్ మొదలు చాలా వాటికి జనన ధ్రువపత్రమే ఆధారం అయింది. మరోవైపు, వయసు రుజువు లేదన్న కారణంతో బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. సర్కారు బడి హెడ్మాస్టరుకి ఈ రెండో మాట బాగా తెలుసు, పిల్లాణ్ణి కూర్చోబెట్టేస్తాడు. మన పిల్లలు జారిపోయే సందు వేరే చోట ఉంది. పాలమూరులోనో ఒడిశాలోనో బడి మానేసి తల్లిదండ్రుల వెంట నగరానికి వచ్చిన పిల్లవాడు అక్కడి పట్టీలో మానేసినవాడు, ఇక్కడి పట్టీలో లేనే లేడు. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ నడుపుతారు. రైల్వే స్టేషన్లు, ఇటుక బట్టీలు, దుకాణాలు, సిగ్నళ్ళు వెతికి పిల్లల్ని పట్టుకొస్తారు. అది మంచి పనే. అయితే ఆ వెతుకులాట అంతా బయట కనిపించే పిల్లల కోసం. లోపల గడియ పెట్టుకుని, టీవీ సౌండ్ తగ్గించుకుని కూర్చున్న పిల్లల కోసం ఏ నెలలోనూ డ్రైవ్ ఉండదు.

అసలైన ముడి ఇంకోటి. షాపులో అమ్మాయి ఒకసారి అకిరాతో అంటుంది, పోలీసులకో సంక్షేమ శాఖకో చెప్పొచ్చు కదా అని. వాడు వద్దంటాడు. చెబితే నలుగురం కలిసి ఉండలేం అంటాడు. ఇంతకుముందు ఒకసారి అలా అయి చాలా ఇబ్బంది పడ్డారట. చూస్తున్న మనకి చిరాకేస్తుంది, చెప్పెయ్యరా బాబూ అనిపిస్తుంది. కానీ వాడి భయం ఉత్త పిల్లతనమా? ఆ నలుగుర్నీ తెచ్చి హైదరాబాద్‌లో పెట్టి చూద్దాం.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఒక ఫోన్ వెళ్ళింది. పిల్లల్ని 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. బంధువులు ఎవరూ ముందుకు రాలేదు. జువెనైల్ జస్టిస్ నిబంధనల ప్రకారం మగపిల్లల హోమ్ వేరు, ఆడపిల్లల హోమ్ వేరు. ఆరేళ్ళలోపు వాళ్ళకి మళ్ళీ వేరే ఏర్పాటు. మన నగరంలో అయితే ఆ వయసు పిల్లలకి యూసుఫ్‌గూడ శిశువిహార్ ఉంది. అంటే అకిరా, షిగెరు ఒకచోట, క్యోకో ఇంకోచోట, యుకి మూడో చోట. సరిగ్గా వాడు భయపడ్డదే. వాళ్ళని విడదీసేది ఎవరి దుర్మార్గమూ కాదు, రక్షణ కోసం రాసుకున్న నిబంధనే. అదే చట్టంలో పెంపక కుటుంబాల గురించి చెప్పే 44వ సెక్షన్‌లో, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఒకే ఇంట్లో ఉండేలా అన్ని ప్రయత్నాలూ చేయాలని ఉంది. కానీ నలుగుర్నీ ఒకేసారి తీసుకునే పెంపక కుటుంబం దొరకాలి కదా. కుటుంబంలోనే ఉండనిస్తూ సాయం చేసే మిషన్ వాత్సల్య కింద ఒక్కో పిల్లకి నెలకి 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది. దానికి ఇంట్లో ఒక పెద్ద మనిషి ఉండాలి. అకిరా ఇంట్లో లేనిదే అది.

చట్టంలో మనవాళ్ళలో చాలామందికి తెలియని మాట ఇంకొకటుంది. ఎవరూ లేకుండా వదిలేసినట్టు కనిపించే పిల్లలు మీ కంటబడితే 24 గంటల్లోగా చైల్డ్‌లైన్‌కో పోలీసులకో సమితికో చెప్పి తీరాలి. ఇది 32వ సెక్షన్. చెప్పకపోతే నేరం. 34వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ లెక్కన అన్నం ముద్దలు ఇచ్చిన ఆ కుర్రాడు హైదరాబాద్‌లో ఉంటే నేరస్థుడు. వాడు లేకపోతే ఆ పిల్లలు ఇంకా ముందే ఆకలికి కూలిపోయేవాళ్ళు. నాకైతే వాణ్ణి తప్పుపట్టాలని లేదు. కానీ వాడు ఇచ్చిన అన్నమే ఆ తలుపు ఇంకొన్నాళ్ళు మూసి ఉండటానికి పనికొచ్చిందన్నదీ కొట్టిపారేయలేం. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం.

మన దగ్గర ఇలా జరగదు, మనవాళ్ళు ఆరా తీస్తారు అని కొందరంటారు. అందులో సగం నిజముంది. పాత బస్తీలోనో బోరబండలోనో అయితే పిల్లాడు వారంలో మూడుసార్లు కిరాణా కొట్టుకి ఒంటరిగా వచ్చి ఖాతాలో రాయించుకుంటే కొట్టాయన అడుగుతాడు, "మీ అమ్మ యాడికి వోయింది ర?" అని. "డ్యూటీకి వోయింది అంకుల్" అంటాడు వాడు. పదిరోజులు ఆ మాట చెల్లుతుంది. తర్వాత కొట్టాయన భార్య చెవిలో పడుతుంది, అక్కణ్ణుంచి కుళాయి దగ్గరికి పాకుతుంది. ఎవరో ఒకావిడ తలుపు తోసుకుని లోపలికెళ్ళిపోతుంది. అనుమతి అడగదు. ఆ చొరవ టోక్యో ఫ్లాటులో లేదు.

మరి గచ్చిబౌలి నుంచి తెల్లాపూర్ దాకా లేచిన టవర్లలో ఉందా? అక్కడ గేటు దగ్గర యాప్‌లో డెలివరీ బాయ్ పేరు, ఫొటో, వచ్చిన టైమూ, పోయిన టైమూ అన్నీ ఉంటాయి. ఏడో అంతస్తులో పిల్లాడు వారం నుంచి కిందికి దిగలేదన్నది అందులో ఉండదు. మనం ఆరా తీసేది ఇల్లు అద్దెకి ఇచ్చేటప్పుడు. కులం, తిండి, పెళ్ళయిందా లేదా అన్నీ అప్పుడే అడిగేస్తాం. దిగాక "మనకెందుకులే" మొదలవుతుంది. ముందు అడగకూడనివి అడిగి దాచుకునేలా చేస్తాం, తర్వాత అడగాల్సింది అడగం. కెయికో సూట్‌కేసుల్లో పిల్లల్ని తెచ్చింది పిచ్చిపట్టి కాదు. నలుగురు పిల్లలున్న ఒంటరి ఆడదానికి ఇల్లు ఇవ్వరని ఆమెకి తెలుసు.

అలాగని ఆమెని వెనకేసుకొస్తున్నానా? అక్కడే తెలుగు ప్రేక్షకుడికి సినిమా మింగుడుపడదు. తెర మీద అమ్మ అంటే ఆకలేసినా పిల్లకి పెట్టే మనిషే మనకి. కెయికో అలాంటిది కాదు, రాక్షసి కూడా కాదు. పిల్లలతో నేల మీద దొర్లుతుంది, కూతురి గోళ్ళకి రంగు వేస్తుంది, వాళ్ళలో తానూ ఒక పిల్లలా ఉంటుంది. బహుశా చిక్కు అదే. స్కూలుకి పంపమని అకిరా నిలదీసినప్పుడు, నేను సంతోషంగా ఉండకూడదా అని ఎదురడుగుతుంది. అందరికంటే స్వార్థపరుడు నీ నాన్నే, వదిలేసి పోయాడు అంటుంది. ఆ మాట తప్పని చెప్పడం కష్టం. సినిమా చూసి బయటికొచ్చి అందరం తల్లి గురించే మాట్లాడుకుంటాం. నలుగురు పిల్లల తండ్రులు ఏ చర్చలోనూ ముద్దాయిలు కారు. వాళ్ళు వదిలేయడానికి సూట్‌కేసు కూడా అక్కర్లేకపోయింది.

ఇంతకీ ఆమె ఏ రోజు వదిలేసింది? భారతీయ న్యాయ సంహిత 93వ సెక్షన్ కింద 12 ఏళ్ళలోపు బిడ్డని పూర్తిగా వదిలించుకోవాలన్న ఉద్దేశంతో వదిలేసే తల్లికైనా తండ్రికైనా ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. ఏ లాయరైనా ఆ "పూర్తిగా" దగ్గర ఆగుతాడు. మొదటిసారి డబ్బు పెట్టి వెళ్ళింది, తిరిగి వచ్చింది. రెండోసారి వస్తానని చెప్పింది. మధ్యలో కొంత డబ్బు పంపింది. తేదీ ఎక్కడ వేస్తారు? అకిరా లెక్కలో అయితే తేదీ ఉంది. ఒక రోజు నంబరు పట్టుకుని ఫోన్ చేస్తాడు. జపాన్‌లో ఇంట్లో ఫోన్ ఎత్తగానే ఇంటిపేరు చెప్పడం మామూలు. అవతల పలికింది అమ్మ గొంతే, కానీ వేరే ఇంటిపేరు. వాడు మాట్లాడకుండా పెట్టేస్తాడు. కోర్టుకి సాక్ష్యం కావాలి, వాడికి ఆ ఒక్క ఇంటిపేరు చాలు.

ఒంటరితనం మీద సినిమా అని దీన్ని తరచూ చెబుతారు గానీ, ఆ మాటని కొంచెం విడదీసి చూడాలి. ఆ నలుగురూ ఒంటరిగా లేరు, ఒకరికొకరు ఉన్నారు. సినిమాలో వాళ్ళు అత్యంత సంతోషంగా ఉండేది నియమాలన్నీ గాలికొదిలేసి నలుగురూ కలిసి వీధిలోకి వెళ్ళిన రోజు. తల్లి వదిలేశాకే ఆ రోజు వచ్చింది. ఒంటరివాడు అకిరా. ఇంట్లో ఎంత డబ్బు మిగిలిందో, అమ్మ రాదన్న సంగతి ఎంత నిజమో వాడొక్కడికే తెలుసు. కరెంటు, గ్యాస్ బిల్లుల వెనక చిన్నవాళ్ళు క్రేయాన్లతో బొమ్మలేస్తారు. ముందువైపు ఉన్న అంకె వాడు చదువుతాడు. క్యోకోది ఇంకో రకం. బట్టల బీరువాలో అమ్మ వాసన కోసం దూరి కూర్చునే పిల్ల. ఇక కెయికో ఒంటరితనం చుట్టూ నలుగురు పిల్లలున్నా తీరనిది.

ప్రభుత్వాలు ఇప్పుడు ఒంటరితనాన్ని శాఖగా మార్చాయి. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో దీనికోసం మంత్రుల్ని పెట్టాయి. 2024 ఏప్రిల్ నుంచి జపాన్‌లో ప్రత్యేక చట్టమే అమల్లో ఉంది. ఆ ఏడాది అక్కడ ఇంట్లో ఒంటరిగా ఉంటూ చనిపోయినవాళ్ళు 76,020 మంది అని జపాన్ పోలీసు శాఖ లెక్క తేల్చింది. అందులో 58 వేలమంది 65 దాటినవాళ్ళు. చనిపోయి వారం దాటాక గానీ బయటపడని మరణాలు 20 వేలకి పైనే.

ఈ లెక్క వినగానే హైదరాబాద్‌లో మనకి పిల్లలు కాదు, పెద్దవాళ్ళు గుర్తొస్తారు. సైనిక్‌పురిలో, హబ్సిగూడలో, ఇప్పుడు నల్లగండ్లలో మూడు బెడ్‌రూముల ఇంట్లో ఇద్దరే, తర్వాత ఒక్కరే. పిల్లలు డాలస్‌లో. ఇది అకిరా ఇంటికి సరిగ్గా తిరగేసిన బొమ్మ. ఇక్కడ డబ్బు ఆగదు, నెల మొదట్లో పడుతుంది. కరెంటు బిల్లు ఆటోపే. అందుకే ఆ ఇంట్లో ఏదైనా తేడా వచ్చినా బిల్లుల వల్ల బయటపడదు. తలుపు గొళ్ళేనికి తగిలించిన సంచిలో రెండో రోజు పాల ప్యాకెట్లు కూడా అలాగే ఉండిపోతే పాలబ్బాయి చూస్తాడు. వాచ్‌మన్‌కి చెబితే చెబుతాడు. పనిమనిషి ఊరెళ్ళిందేమోనని వాచ్‌మన్ అనుకుంటాడు. మళ్ళీ ముక్కలే.

2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం పోషణ ఖర్చు ఇప్పిస్తుంది. రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే వెనక్కి తీసుకునే దారీ చూపిస్తుంది. వదిలేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. డబ్బు, ఆస్తి, అన్నం వరకు దాని చెయ్యి అందుతుంది. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేసే కొడుకుని ఏ ట్రిబ్యునలూ పిలవదు, పిలవాల్సిన పని కూడా లేదు. డాలస్ వెళ్ళడం నేరం కాదు. కానీ ఈ అమ్మానాన్నల్నీ ఆ నలుగురు పిల్లల్నీ ఒకే మాట కింద పెట్టి "ఆధునిక జీవితం ఇంతే" అనేసే వ్యాసాలతో నాకు పేచీ ఉంది. పెద్దాయన ఫోన్ ఎత్తి సాయం అడగగలడు. సిగ్గు ఆపుతుంది గానీ, దారి ఉంది. ఐదేళ్ళ యుకికి ఫోన్ చేయాలని కూడా తెలియదు.

యుకి దగ్గరికే వద్దాం. పుట్టినరోజు రాత్రి అమ్మకి ఎదురెళ్ళాలని మారాం చేస్తే అకిరా స్టేషనుకి తీసుకెళ్తాడు. అడుగేస్తే కీచుమనే చెప్పులు వేసుకుని నడుస్తుంది. నెలల తరబడి చప్పుడు చేయకూడదని పెంచిన పిల్ల అడుగడుగునా చప్పుడు చేస్తూ వీధిలో నడవడం సినిమాలో ఆ ఒక్క రాత్రే. అమ్మ రాదు. వస్తూ మోనోరైల్ చూసి, ఏదో ఒకరోజు విమానాలు చూడటానికి తీసుకెళ్తానని అన్న మాటిస్తాడు. ఆ మాట నిలబెట్టుకునేది ఆ పిల్ల చనిపోయాక. వచ్చినప్పటి సూట్‌కేసులో ఇప్పుడు పట్టదు, ఏడాదిలో పొడుగైంది. ఇంకో పెద్ద పెట్టె తీసుకుని అకిరా, సాకి రైలెక్కి హనేదా విమానాశ్రయం దగ్గరికి వెళ్ళి మట్టి తవ్వుతారు. పెట్టె లాక్కుంటూ రాత్రి రైల్లో పోతున్న ఆ ఇద్దర్నీ ఆపి అడిగిన ప్రయాణికుడు లేడు.

సినిమాకి ఆధారం నిజంగా జరిగిన కేసు. 1988లో టోక్యోలోని సుగమో ప్రాంతంలో బయటపడింది. నిజం సినిమాకంటే కరకుగా ఉంటుంది. పెద్దబ్బాయికి 14 ఏళ్ళు. పిల్లల జననాలు నమోదు కాలేదు. అంతకుముందే చనిపోయిన ఒక పసిబిడ్డ శవం కూడా ఆ ఇంట్లోనే దొరికింది. అందరికంటే చిన్నపాప స్టూలు మీంచి పడలేదు, ఇంటికి వస్తూపోతూ ఉన్న పెద్దబ్బాయి స్నేహితుల చేతిలో దెబ్బలు తిని చనిపోయింది. ఆ హింసని కొరేఎడా కావాలనే పక్కన పెట్టాడు. దాన్ని చూపిస్తే ఆ కుర్రాళ్ళు దోషులై, షాపువాళ్ళూ ఓనరూ తండ్రులూ ప్రేక్షకుడి లెక్కలోంచి జారిపోయేవాళ్ళు. ప్రమాదం అనేసరికి ఎవర్నీ వదలడానికి వీల్లేకుండా పోయింది. సినిమాలో పోలీసులెవరూ వచ్చి తలుపు తట్టరు, మిగిలిన పిల్లలు అలాగే నడిచిపోతుంటారు.

సుగమోలో మాత్రం తట్టారు. ఓనరు చెబితే ఆ జూలైలో పోలీసులు వెళ్ళారు. వార్త చూసి తల్లి తానే ముందుకొచ్చింది. కోర్టు మూడేళ్ళ శిక్ష వేసి, దాని అమలును నాలుగేళ్ళు వాయిదా వేసింది. తర్వాత బతికున్న ఆడపిల్లలిద్దర్నీ తిరిగి ఆ తల్లికే అప్పగించారు.